తొర్రూరు వాకిట్లో తెల్ల అంబాసిడర్

ఆ రోజుల్లో నాకు ఏ విషయం అర్థం కాకపోయినా ముందు దాన్ని జాబితాగా రాసుకునే అలవాటు ఉండేది. పాలిటెక్నిక్‌లో మా వర్క్‌షాపు సారు నేర్పిన విద్య అది. "యంత్రం ఆగిపోతే తొందరపడి చెయ్యి పెట్టకు. ముందు ఏమేం ఉన్నయో రాయి" అనేవాడు. యంత్రాల దగ్గర ఈ సూత్రం నన్ను ఎప్పుడూ మోసం చెయ్యలేదు. మనుషుల దగ్గర పనిచేసిన సందర్భం ఒకటే ఒకటి ఉంది, అదీ నాకు తెలియకుండానే పనిచేసింది. కాబట్టి ఆ సంగతిని కూడా జాబితాతోనే మొదలుపెడతాను. ఆ ఆదివారం పొద్దున పదిన్నరకు తొర్రూరులో ఆ ఇంటి వాకిట్లో ఉన్నవాళ్ళు: నేను, మా అమ్మ, మా బాపు; ఎదురుగా చేతులు జోడించి నిలబడిన పెద్ద సేటు (అమ్మాయి తండ్రి, కిరాణా హోల్‌సేల్ దుకాణం ఆయనది); కుర్చీలో ఆయన తల్లి బాపమ్మ; గడప మీద ఆయన చెల్లెలు మానుకోట అత్త (మహబూబాబాద్‌ను మా వైపు మానుకోట అనే అంటారు, ఆమె అత్తవారి ఊరు అది); తలుపు సందులోంచి తొంగిచూస్తున్న అమ్మాయి, ఆమె భుజం పట్టుకుని ఉన్న ఆమె తల్లి. ఉన్న వస్తువులు: వాకిలి నిండా పెద్ద ముగ్గు ఒకటి, ఆ ముగ్గు మీద బంతిపూల దండతో, నిమ్మకాయలతో, తళతళలాడుతూ ఒక తెల్ల అంబాసిడర్ కారు. ఇంతమందిలో ఏం జరుగుతోందో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే అని అప్పుడు అనుకున్నాను. తర్వాత తేలిందేమంటే, అక్కడ పూర్తి సంగతి ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు.

ఈ కారు కథ బస్సులో మొదలైంది. నేను అప్పుడు భూపాలపల్లిలో, బొగ్గు మోసే బెల్టుల మరమ్మతు చూసే ఒక కాంట్రాక్టు కంపెనీలో జూనియర్ ఇంజనీరును. శనివారం సాయంత్రం అయితే చాలు, ఒంటికి పట్టిన బొగ్గుమసి సగం కడుక్కుని హన్మకొండ బస్సెక్కి, అక్కడ బస్సు మారి జనగామకు ఇంటికి వచ్చేవాణ్ణి. అదే బస్సులో ఎప్పుడూ ఎడమవైపు నాలుగో వరుస కిటికీ పక్కన ఒక అమ్మాయి కూర్చునేది. భూపాలపల్లిలోనే బ్యాంకులో ఉద్యోగం, హాస్టల్లో ఉంటుంది, హన్మకొండలో దిగి తొర్రూరు బస్సెక్కుతుంది. ఇవన్నీ తర్వాత తెలిశాయి. అప్పటికి నా నోటు పుస్తకంలో ఆమె పేరు 'కిటికీ సీటు'. మూడు వారాల ధైర్యం కూడగట్టుకుని, పరకాల దాటాక, నేను ఆమెతో అన్న మొదటి మాట ఇది: "ఈ బస్సుకు మూడో గేరు బేరింగు పోయింది." ఆమె ఉలిక్కిపడి చూసింది. "అయితే దిగాల్నా?" అంది. "లేదు, హన్మకొండ దాకా వస్తది" అన్నాను. "మరి నాకెందుకు చెప్పినవ్?" అంది. అసలు ప్రేమకు జవాబుగా పనికివచ్చే మాటలేవీ మా సిలబస్‌లో లేవు. కానీ మరుసటి శనివారం నేను ఎక్కగానే ఆమె సంచీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. పక్క సీటు ఖాళీ అయింది. "ఇయ్యాల ఏ పార్టు పోయింది?" అని అడిగింది.

ఆ ప్రయాణాల్లో ఒకరోజు ఆమె తన తాత కారు గురించి చెప్పింది. తెల్ల అంబాసిడరట. తాత ఆమెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని స్టీరింగు పట్టించేవాడట, హారను మీద ఆమె రెండు చేతులూ పెట్టి కొట్టించేవాడట. తాత పోయిన మరుసటి ఏడు, ఆమెకు ఆరేళ్ళప్పుడు, ఎందుకో దాన్ని అమ్మేశారు. "ఎందుకమ్మిండ్రో ఎవరూ చెప్పరు. అడిగితే బాపమ్మ కోపానికొస్తది. గా కారు ఇప్పుడు యాడుందో ఏమో" అంది. నంబరు మాత్రం ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పింది. పదిహేడేళ్ళ కిందటి కారు నంబరును ఇలా గుర్తుపెట్టుకున్న అమ్మాయిని నేను అంతవరకు చూడలేదు, నిజం చెప్పాలంటే ఆ క్షణంలోనే నేను పూర్తిగా పడిపోయాను. (ఆమె కళ్ళు, జడ వగైరాలు అంతకుముందే గమనించాను, కానీ అవి నిర్ణాయకం కాదు.) ఆమెకు చెప్పకుండా ఆ కారును వెతికి పట్టుకోవాలని నిశ్చయించుకున్నాను. చెప్పి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

జనగామలో పాత కార్లు బాగుచేసే చాచా ఒకాయన ఉండేవాడు. ఆయనకు మనుషుల పేర్లు గుర్తుండవు, బండ్ల నంబర్లు మరిచిపోడు. నేను నంబరు చెప్పగానే కళ్ళు మూసుకుని, చెవిలో పుల్ల తిప్పుకుంటూ, "రఘునాథపల్లి. కోళ్ళ ఫారం" అన్నాడు. వెళ్ళి చూస్తే నిజమే. రేకుల షెడ్డు వెనక టైర్లు లేకుండా ఇటుకల మీద నిలబడి ఉంది. వెనక సీటు మీద మూడు కోళ్ళు గుడ్లు పెట్టి పొదుగుతున్నాయి. ముందు సీటు మీద ఒక పుంజు, స్వయంగా నడిపేటట్టు ముందుకు చూస్తూ కూర్చుంది. ఫారం యజమాని నన్ను పైకీ కిందికీ చూశాడు. "గిదెందుకు బిడ్డా నీకు? నా కోళ్ళు యాడ పండుకోవాలె?" అన్నాడు. నా బైకు ఆయనకిచ్చి కారు తీసుకున్నాను. కోడిపిల్లలు లేచిన తర్వాతే ఇస్తానని పట్టుబట్టాడు కాబట్టి ఇంకో పద్దెనిమిది రోజులు ఆగాను. ఆ తర్వాత ఐదు నెలలు, ప్రతి ఆదివారం, చాచా షెడ్డులో దాన్ని మరమేకు మరమేకు విప్పి మళ్ళీ బిగించాను. చాచా మొదటి రోజే, "క్యా ఇంజనీర్ సాబ్, గింత పరేషాన్ ఎందుకు, కొత్తది కొనుక్కో" అన్నాడు. సంగతి చెప్పాను. ఆయన పుల్ల తీసి పారేసి, "అట్లనా! ముందే చెప్పొద్దా" అని తన దగ్గర దాచుకున్న పాత అద్దాల జత తెచ్చిచ్చాడు.

ఈలోగా కిటికీ సీటు అమ్మాయి ఇంట్లో మా సంగతి చెప్పింది. మాదీ జనగామలో చిన్న స్టీలు సామాన్ల దుకాణమే, కులం దగ్గర పేచీ లేదు. కానీ పెద్ద సేటుకు దుకాణంలో కూర్చునే అల్లుడు కావాలి, బొగ్గు దుమ్ములో ఉద్యోగం చేసే అల్లుడు వద్దు. కూతురు వారం రోజులు అన్నం దగ్గర అలిగితే చివరికి ఒక మాట అన్నాడట: "ఒక్కపాలి రమ్మను. చూస్త. నాకు నచ్చకపోతే ఇగ ఆ పిలగాని ముచ్చట ఈ ఇంట్ల రావద్దు." ఒక్కసారి. రెండో అవకాశం లేదు. ఆమె ఫోనులో ఇదే మాట మూడుసార్లు చెప్పింది, నేను మాత్రం ధీమాగా ఉన్నాను. నా దగ్గర కారు ఉంది కదా! ఆమె తాత కారు, వాళ్ళింటి కారు, దాన్ని తోలుకుని వాకిట్లోకి వెళితే ఏ తండ్రి కాదంటాడు? ఆ వారమంతా ఈ ఒక్క దృశ్యాన్ని ఎన్నిసార్లు ఊహించుకున్నానో లెక్కలేదు. (లెక్క లేకుండా నేను చేసిన పనుల్లో ఇదొకటి.)

ఆ ఆదివారం పొద్దున్నే మా అమ్మ, "చుట్టు అయినా ముందు చిల్పూరు గుట్టకు పోవాలె. బుగులు వెంకన్నకు మొక్కితే నీ బుగులు పోతది" అంది. (బుగులంటే మా వైపు భయం.) "నాకేం బుగులు లేదమ్మా" అన్నాను. "అందుకే మొక్కాలె, నీకు లేదు, నాకున్నది" అంది. గుట్ట దగ్గర కారుకు పూజ చేయించి, దండ వేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, తొర్రూరు వైపు తిప్పాను. దారి పొడవునా జనం ఆగి చూశారు. బాపు ముందు సీట్లో కూర్చుని ఎవరో తెలియనివాళ్ళకు కూడా నమస్కారాలు పెడుతూ వచ్చాడు.

వాకిట్లోకి తిరుగుతూ రెండుసార్లు హారను కొట్టాను. పెద్ద సేటు నవ్వుతూ ఎదురొచ్చాడు. ఆయన చూపు నంబరు పలక మీద పడింది. నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది. కుర్చీలో ఉన్న బాపమ్మ కళ్ళద్దాలు సవరించుకుని చూసి, "రామ రామ!" అని కర్ర కూడా మరిచిపోయి గబగబా లోపలికి వెళ్ళి తలుపు ఓరగా వేసుకుంది. మానుకోట అత్త చేతిలోని హారతి పళ్ళెం గడప మీదే పెట్టేసింది. ఒక్క కిటికీ సీటు మాత్రం తల్లి చేతిని విదిలించుకుని, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చి, "తాత కారు!" అని బోనెట్ మీద రెండు చేతులూ ఆనించింది. నా వైపు చూసింది. ఆ చూపు కోసమే కదా ఐదు నెలలు కోళ్ళ రెట్టలు గీకాను. ఆ చూపు సరిగ్గా మూడు సెకండ్లు ఉంది. తల్లి వచ్చి ఆమెను లోపలికి లాక్కుపోయింది.

లోపల కూర్చోబెట్టారు. మంచినీళ్ళు ఇచ్చారు. అంతే, ఇంకేమీ రాలేదు. అమ్మ నా చెవిలో, "ఏందిరా, ఉత్త నీళ్ళే ఇచ్చిండ్రు. చాయ లేదు, మిఠాయి లేదు" అంది. బాపు, "జర ఓపిక పట్టు" అన్నాడు. నేను మనసులో కారణాల జాబితా వేశాను. హారను రెండుసార్లు కొట్టడం మర్యాద కాదేమో. నమస్కారం బాపమ్మకు ముందు పెట్టాలేమో. అమ్మాయి అలా బయటికి రావడం తప్పేమో. అప్పుడే కిటికీలోంచి కారు కింద, అంత పెద్ద ముగ్గు నడిమధ్యన, నల్లగా ఒక చుక్క కనిపించింది. ఆయిలు! ఎవరింటి శుభకార్యపు ముగ్గు మీదైనా ఆయిలు కారిస్తే కోపం రాదా? కారణం దొరికిందన్న సంతోషంతో ఎవరితోనూ చెప్పకుండా లేచి వెళ్ళి, ఇస్త్రీ చొక్కాతోనే కారు కిందికి దూరాను. పెళ్ళిచూపులకు వచ్చిన అబ్బాయి కాళ్ళు రెండూ కారు కింద నుంచి బయటికి కనబడుతుంటే, పక్కింటివాళ్ళు గోడ మీదికి ఎక్కి చూశారని తర్వాత తెలిసింది. కాసేపటికి నా కాళ్ళ దగ్గర మానుకోట అత్త గొంతు వినబడింది.

"నాయినా, చూపులకొచ్చినవా, రిపేరుకొచ్చినవా?"

"అడుగున గాస్కెట్ జరంత వదులైంది అత్తమ్మా. రెండు నిమిషాలు" అన్నాను కింద నుంచే.

ఆమె నవ్వు ఆపుకుంటూ, "ముగ్గు కోసం కాదు పిచ్చోడా వాళ్ళ బాధ. లోపలికి రా" అంది. మరి దేనికోసం అని అడిగేలోపు వెళ్ళిపోయింది.

వీపంతా ముగ్గుపిండితో లోపలికి వచ్చేసరికి పెద్ద సేటు మా బాపుతో అంటున్నాడు: "అన్నా, ఏమనుకోకుండ్రి. ఈ సంబంధం మనకు కుదరదు. కారణం అడగకుండ్రి." మా అమ్మకు రోషం వచ్చింది. "మా పిలగానికి ఏం తక్కువ?" అంది. "పిలగానికేం లేదమ్మా. మంచిగనే ఉన్నడు" అన్నాడాయన, నా వీపు వైపు చూడకుండా ప్రయత్నిస్తూ. "మరి?" అంటే ఆయన కిటికీ వైపు తిరిగాడు. లోపలి గదిలో నుంచి కిటికీ సీటు, "ఏమైందో చెప్పు నాయినా! ఊకె కుదరదంటే ఎట్ల?" అని ఏడుపు గొంతుతో అరిచింది. ఒక్కసారి అన్నాడు, ఆ ఒక్కసారీ అయిపోతోంది, కారణమేమిటో కూడా తెలియకుండానే! నాకు తెలిసిన ఒకే ఒక్క మాట నోట్లోంచి వచ్చింది: "లోపం ఏందో చెప్పుండ్రి. సరిచేస్త."

"గది రిపేరయ్యేది కాదు బాబూ" అన్నాడు పెద్ద సేటు.

అప్పుడు తలుపు వెనక నుంచి బాపమ్మ గొంతు. "దాచుడెందుకురా? చెప్పు! గా కారు ఈ ఇంటి ఆడపిల్లకు అచ్చిరాలే. మూడు సంబంధాలు మింగింది అది. సచ్చేదాక దాని మొగం చూడొద్దనుకున్న. ఈ పిలగాడు సరిగ్గ దాని మీదనే వచ్చె!"

సంగతి ఇది. పదిహేడేళ్ళ కింద మానుకోట అత్తకు సంబంధాలు చూస్తున్న రోజులు. మగపెళ్ళివాళ్ళు మానుకోట స్టేషన్లో రైలు దిగితే, కారు పంపి తొర్రూరు తీసుకురావడం ఆ ఇంటి పద్ధతి. సొంత కారు పంపడం అంటే గౌరవం, పంపకపోవడం అంటే అవమానం. మొదటి సంబంధం వాళ్ళు రైలు దిగి ఎండలో నిలబడ్డారు. ఇక్కడ కారు లేవలేదు. రెండు గంటలు చూసి, ఎదురుగా వచ్చిన రైలెక్కి వెళ్ళిపోయారు. రెండో సంబంధం, అంతే. మూడో సంబంధం వాళ్ళు పోతూ పోతూ, "కారు పంపనోళ్ళు పిల్లనేం పంపుతరు?" అని మధ్యవర్తితో చెప్పించారు. ఆ మాట ఊరంతా తిరిగింది. బాపమ్మ అన్నం ముట్టలేదు. చుట్టాలంతా ఒకటే మాట, బండి అచ్చిరాలేదు, ఇంట్లో ఉంచొద్దు. పెద్ద సేటు దాన్ని అమ్మేశాడు. ఆ తర్వాత నెల తిరక్కుండా మానుకోటలో ఉన్న మేనబావతో అత్త పెళ్ళి కుదిరిపోయింది. దోషం కారుదే అని అందరికీ ఖాయమైపోయింది.

ఇదంతా విన్న మామూలు మనిషి ఎవడైనా బాధపడేవాడు, లేదా తల వంచుకుని లేచి వచ్చేవాడు. నేను మాత్రం చొక్కా జేబులోంచి నోటు పుస్తకం తీశాను.

"ఒక్క నిమిషం. తాళం తిప్పితే ఇంజను గుర్రు గుర్రుమన్నదా, సప్పుడే లేదా?"

పెద్ద సేటు అయోమయంగా చూశాడు. "అన్నది. గుర్రు గుర్రుమన్నది గని అంటుకోలే."

"పెట్రోలు?"

"నిండుగ ఉన్నది."

"మెకానిక్కు ఏ పార్టు మార్చిండు?"

"ఏం మార్చలే. గదే గద చిత్రం! వాళ్ళు రైలెక్కి పోయినంక మెకానిక్కు వచ్చి తాళం తిప్పితే ఒక్క దెబ్బకు లేసింది. మూడుపాళ్ళు గంతే."

"కడమ దినాలల్ల?"

ఆయన వాకిట్లోని కారు వైపు చూశాడు. "ఎన్నడు ఆగలే. మా నాయిన కొన్న దినం నుంచి ఒక్కనాడు నడి తొవ్వల ఆగలే ఆ బండి."

నేను రాసుకున్నాను. ఇంజను తిరిగింది, పెట్రోలు ఉంది, అంటుకోలేదు, ఏమీ మార్చకుండానే బాగైంది, మళ్ళీ సరిగ్గా సంబంధం రోజునే పోయింది. కిందగీత గీశాను. "రోటర్!" అన్నాను. అందరూ నా వైపు చూశారు. వివరించాను: పాత పెట్రోలు ఇంజన్లలో ఒక మూత కింద బొటనవేలంత నల్లటి ముక్క ఉంటుంది, నాలుగు ప్లగ్గులకూ వంతుల ప్రకారం నిప్పురవ్వను పంచేది అదే, అది తీసేస్తే ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు, దాన్ని తీయడానికి పానా కూడా అక్కర్లేదు, రెండు క్లిప్పులు విప్పితే చేతికొస్తుంది, పెడితే మళ్ళీ మామూలే. "కారుకు ఏ దోషం లేదు. మూడుపాళ్ళు ఎవరో తీసిండ్రు, మెకానిక్కు వచ్చేలోపల మళ్ళ పెట్టిండ్రు."

బాపమ్మ తలుపు తీసుకుని బయటికి వచ్చింది. "ఎవరు తీస్తరు? డ్రైవరా?"

"డ్రైవరు బోనెట్ తెరిచిండా అవ్వా?"

"తెరిచిండు. సూసిండు. మూసిండు. 'దేవుని దయ' అన్నడు. పాపం, ఆయన పోయి పదేండ్లాయె."

"అయితే ఆయనకు తెలుసు, గని ఆయన తీయలే. తీస్తే తెరిచి చూసుడెందుకు?" నాకు ఉత్సాహం పెరిగింది. పెళ్ళిచూపుల సంగతి పూర్తిగా మరిచిపోయాను. "తీసిన మనిషి ఈ ఇంటి మనిషే అయి ఉండాలె. రోజూ గా కార్ల తిరిగే మనిషి..."

సరిగ్గా అప్పుడు మానుకోట అత్త వచ్చి నా ముఖం ముందు లడ్డూల పళ్ళెం పెట్టింది. ఆ ఇంట్లో మాకు దక్కిన మొదటి మిఠాయి అదే. "తిను నాయినా, తిను. ముచ్చట్లు తర్వాత" అంది. ఆమె కళ్ళు ఆర్పుతోంది. కంట్లో నలక పడిందేమో అనుకున్నాను. లడ్డూ తీసుకుని చేతిలో పట్టుకుని కొనసాగించాను. "డ్రైవరు దాన్ని తీసుడు పెట్టుడు పక్కన నిలబడి చూసిన మనిషి..." ఆమె నా కాలు తొక్కింది. వాకిట్లో ముగ్గుపిండి కాలికి అంటుకుని జారిందేమో అనుకున్నాను. "అన్నిటికంటే ముఖ్యం, ఆ సంబంధాలు కుదరొద్దని గట్టిగ కోరుకున్న మనిషి" అని ముగించి తలెత్తి చూస్తే, గదిలో అందరూ ఒకే వైపు చూస్తున్నారు. మా అమ్మ కూడా. నేనే చివరివాణ్ణి.

మానుకోట అత్త పళ్ళెం కింద పెట్టి, అక్కడే చతికిలబడింది. "ఇగ చాలు నాయినా" అంది. "నేనే తీసిన."

ఆమే చెప్పుకుపోయింది. "కాలేజీకి గా కార్లనే పోతుంటి. రాత్రి దొంగల భయానికి డ్రైవర్ తాత గా ముక్క తీసి జేబుల ఏసుకునేటోడు. చూసి నేర్చుకున్న. నాకు బావనే చేసుకోవాలె అనుండె. ఎవరికి చెప్పాలె? నాయిన పోయి ఏడాది కాలే. అన్న ముంగట నిలబడి చెప్పే ధైర్యముంటే రోటర్ ఎందుకు తీస్త?"

"యాడ దాచినవే?" అంది బాపమ్మ.

"దేవుని అర్రల. పసుపు డబ్బల."

బాపమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. "ఓయమ్మో! గా డబ్బ ముంగటనే కూసోని కారు లేవాలె, కారు లేవాలె అని మొక్కితి గదనే!"

లోపలి గదిలోంచి కిటికీ సీటు నవ్వు వినబడింది. ఆపుకోవాలని ప్రయత్నించి, ఆపుకోలేక, పెద్దగా. మా అమ్మ కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్ద సేటు మాత్రం నవ్వలేదు. చెల్లెలి వైపు చూసి, "నాయిన కారు అమ్మిన గదనే" అన్నాడు. అంతే అన్నాడు. మానుకోట అత్త కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఆయన లేచి వాకిట్లోకి వెళ్ళాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డ్రైవరు తలుపు తీసి కూర్చుని, స్టీరింగు మీద రెండు చేతులూ వేసి, చాలాసేపు అలాగే ఉన్నాడు. మేమంతా వరండాలో నిలబడి చూస్తున్నాం. చివరికి ఆయన ఒక్కసారి హారను కొట్టాడు. ఆ చప్పుడుకు కిటికీ సీటు ఎవరి అనుమతీ అడగకుండా వెళ్ళి తండ్రి పక్క సీట్లో కూర్చుంది. వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో అద్దాలు మూసి ఉండడం వల్ల వినబడలేదు. (ఆ అద్దాల రబ్బర్లు నేనే వేశాను, చాలా గట్టిగా వేశాను.)

ఆయన దిగి నా దగ్గరికి వచ్చాడు. చెయ్యి చాపాడు. నేను ఆ చేతిని పట్టుకుని ఊపాను. "గది కాదు. తాళం" అన్నాడు. ఇచ్చాను. తాళం జేబులో వేసుకుని, "జనగామ బస్సు పన్నెండున్నరకున్నది. చాయ తాగి పోండ్రి" అని దుకాణం వైపు వెళ్ళిపోయాడు.

బస్సులో ముగ్గురం ఒకే సీటులో ఇరుక్కుని కూర్చున్నాం. బాపు, "ఒప్పుకున్నట్టా, కారు గుంజుకున్నట్టా?" అన్నాడు. నాకూ తెలియదు. నోటు పుస్తకంలో రెండు గడులు గీసి, ఒకవైపు అవునని చెప్పే ఆధారాలు, ఇంకోవైపు కాదని చెప్పే ఆధారాలు రాశాను. అమ్మ, "చాయల చక్కెర మంచిగనే ఏసిండ్రు" అంటే అది కూడా మొదటి గడిలో చేర్చాను. పాలకుర్తి వచ్చేసరికి రెండు వైపులా సమానంగా ఉన్నాయి. ఆ రాత్రి కిటికీ సీటు ఫోను చేసి, "నాయిన కారును తుడుస్తనే ఉన్నడు. నీ పేరు ఎత్తుతలేడు. తిడతలేడు గూడ" అంది. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియలేదు.

నాలుగో రోజు కొత్త నంబరు నుంచి ఫోను. హలో అనేలోపే, "రెండో గేరు పడ్తలేదు. ఏం చేసినవ్ దానికి?" అని పెద్ద సేటు గొంతు. ఆదివారం వెళ్ళి సరిచేశాను. తర్వాతి ఆదివారం వైపరు. ఆ తర్వాత డిక్కీ మూత. నేను కారు కింద ఉంటే కిటికీ సీటు పక్కన నిలబడి అడిగిన పానా అందించేది. పదో నంబరు పానా, పన్నెండో నంబరు పానా ఎప్పుడూ తారుమారు చేసేది, ఎప్పుడో ఒకసారి సరిగ్గా ఇస్తే నేనే తికమకపడేవాణ్ణి. ఆయన వరండాలో కుర్చీ వేసుకుని చూస్తూ ఉండేవాడు. మా విషయం మాత్రం ఎత్తడు. నాకు మెల్లగా అనుమానం మొదలైంది, ఈయనకు అల్లుడు కావాలా, మెకానిక్కు కావాలా? ఐదో వారం ఫోను చేసి, "ఈ ఆదివారం వచ్చేటప్పుడు మీ అమ్మను, బాపును తోలుకరా" అన్నాడు. "ఏ పార్టు పోయింది మామా? ముగ్గురం ఎందుకు?" అన్నాను. "ముహూర్తం పెట్టుకోవద్దానయ్యా!" అని కసిరి ఫోను పెట్టేశాడు. సరేనన్న మాట ఆయన నోటి నుంచి నేరుగా ఇప్పటికీ రాలేదు. కిటికీ సీటును అడిగితే, "ఇంకేం గావాలె నీకు, రాతపూర్వకంగనా?" అంటుంది. ఇస్తే వద్దనను.

ఇప్పుడు మాకు కొత్త కారు ఉంది. మీట నొక్కితే లేస్తుంది, బోనెట్ తెరిస్తే అన్నీ ప్లాస్టిక్ మూతలే, ఏదీ చేతికి రాదు. నాకు మర్యాదలు కూడా కొంత వచ్చాయి. ఇప్పుడు ఎవరైనా పెద్దావిడ లడ్డూ ముందు పెట్టి కన్ను ఆర్పితే, వెంటనే అర్థం చేసుకుని నోరు మూసుకుంటాను. ఆ తెలివి ఆ రోజే ఉండి ఉంటే, లడ్డూ తిని, నమస్కారం పెట్టి, కుదరని సంబంధంతో జనగామ బస్సెక్కి ఉండేవాణ్ణి. వీపంతా ముగ్గుపిండితో, చేతిలో తినని లడ్డూతో, గది మధ్యలో నిలబడి తన కాలు ఎవరు ఎందుకు తొక్కుతున్నారో తెలియని ఆ కుర్రవాడు అప్పుడప్పుడు గుర్తొస్తాడు. వాడంటే నాకు కొంచెం అసూయ కూడా. తొర్రూరు వెళ్ళినప్పుడల్లా వాకిట్లో తెల్లగా నిలబడి ఉన్న ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లలో గాలి చూసి వస్తాను. పెళ్ళయి ఆరేళ్ళు. ఈ ఆరేళ్ళలో మా మామ దాని తాళం నా చేతికిచ్చింది రెండుసార్లు.